నా చేతిలోని ఇరవై మార్కులు

ఆ ఉత్తరం మా వార్డుకు ఒక పేషెంటు చొక్కా జేబులో వచ్చింది. నాలుగు మడతలు పడి, చెమటకు అంచులు మెత్తబడి ఉంది. నేను జనగామలో ప్రభుత్వ దవాఖానలో పనిచేసే డాక్టర్ని, జనరల్ మెడిసిన్. కింది నుంచి పంపే చీటీలు రోజూ చూస్తూనే ఉంటాను. చాలావాటిలో "జ్వరం తగ్గడం లేదు, పై వైద్యానికి పంపుతున్నాం" అని ఒక్క ముక్క ఉంటుంది. ఇది అలా లేదు.

"పది రోజులుగా జ్వరం. డెంగీ, మలేరియా పరీక్షల్లో ఏమీ తేలలేదు. రోజూ మేకల వెంట పొదల్లో తిరుగుతాడు. ఒళ్ళంతా చూశాను. కుడి చంక లోపల, వెనక వైపు, సిగరెట్ కాలినట్టు చిన్న నల్ల చెక్కు ఉంది. నొప్పి లేదు కాబట్టి అది ఉన్నట్టు అతనికే తెలియదు. స్క్రబ్ టైఫస్ అనుకుంటున్నాను. నిన్న సాయంత్రం మందు మొదలుపెట్టాను. ఈ ఉదయం ఆయాసం కనిపించింది. ఇక్కడ ఉంచడం మంచిది కాదని పంపుతున్నాను."

పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల వచ్చే జ్వరం అది. గుర్తుపడితే మామూలు మాత్రతో తగ్గుతుంది. గుర్తుపట్టకపోతే ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. గుర్తుపట్టడానికి ఆ నల్ల చెక్కు ఒక్కటే దారి చూపిస్తుంది. కానీ అది దాక్కునే చోట్లు ఎవరూ చూడరు.

నేను పేషెంటు చెయ్యి పైకెత్తాను. చంక వెనక, శనగగింజంత, నల్లగా ఉంది! వార్డులో అందరూ తిరిగి చూసేంత గట్టిగా "అబ్బ!" అన్నాను. ఇన్నేళ్ళ నా ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా రాసిన చీటీ చేతికి రాలేదు. ఎవరీ డాక్టరు?

కింద సంతకం, మహబూబాబాద్ జిల్లాలోని ఒక పల్లె దవాఖాన ముద్ర, ఫోన్ నంబరు ఉన్నాయి. పేషెంటు కూతురిది మా జిల్లాలోని కొడకండ్ల కావడంతో, ఆమె దగ్గరుండి చూసుకోవడానికి వీలుగా జనగామకు తెచ్చారట. ఆ సంతకం కింది పేరు ఎక్కడో చూసినట్టనిపించింది. మధ్యాహ్నం నా గదిలో బీరువా తెరిచి, కిందటేడాది నోటు పుస్తకం తీశాను. మూడో పేజీలోనే దొరికింది.

పీజీ సీట్లు ర్యాంకును బట్టి వస్తాయి, అక్కడ ఎవరూ ఎవర్నీ ఎంచుకునేది లేదు. కానీ ఎంబీబీఎస్ అయ్యాక ఏడాది పాటు వార్డుల్లో పనిచేసే జూనియర్ రెసిడెంట్లను మేమే తీసుకుంటాం. ఎనభై మార్కులు చదువుకు, ఇరవై ఇంటర్వ్యూకు. ఆ ఇరవై నా చేతిలో, మా సూపరింటెండెంటు సార్ చేతిలో ఉంటాయి. కిందటేడాది ఈ అబ్బాయి వచ్చాడు. నేను అతని పేరు ఎదురుగా రాసుకున్నది ఇది: "తడబాటు. విషయం తక్కువ. ఒత్తిడికి ఆగడు. ఇరవైకి ఆరు."

నేనడిగిన ప్రశ్న కూడా పక్కనే ఉంది. పది రోజులు దాటిన జ్వరానికి కారణాలు చెప్పు.

నాకు చెవులు వేడెక్కాయి. సిగ్గు ఉంది, కాదనను. కానీ సిగ్గుకన్నా ఎక్కువగా, ఏదో దొరికిందన్న హుషారు. వెంటనే ఫోన్ చేశాను. నేనెవరో చెప్పగానే అతను లేచి నిలబడ్డట్టున్నాడు, కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"నమస్తే మేడం. పేషెంటుకు ఎట్లుంది?"

"మంచిగున్నడు. ఆక్సిజన్ మీద పెట్టినం. నీ మందు పనిచేస్తున్నది. గది సరే, చంక వెనక చూడాలని నీకు ఎవరు నేర్పిన్రు?"

"ఎవరు నేర్పలే మేడం. మా నాయిన గొర్లు కాస్తడు. గొర్రె సుస్తీగ ఉంటే పిడుదులు ఎక్కడ పట్టినయో అని చెవుల వెనక, తొడల సందుల, ఒళ్ళంత వెతుకుతడు. చిన్నప్పటి సంది చూసిన. మనిషికి గూడ గట్లనే చూసిన, గంతే."

"మరి ఆ రోజు ఇంటర్వ్యూల గిది ఎందుకు చెప్పలే?"

"మీరు కారణాలు చెప్పుమన్నరు మేడం. జరమొచ్చిన మనిషి ఎవరు, ఏ ఊరు, ఏం పని చేస్తడు అని అడుగుదామనుకున్న. పెద్దోళ్ళను ఎదురు ప్రశ్న అడిగితే బాగుండదేమో అని ఊకున్న. ఇగ అటెన్క ఏం యాదికి రాలే."

మళ్ళీ దరఖాస్తు పెట్టమని అడిగితే అతను నవ్వి, పల్లె దవాఖానలోనే ఉండి పీజీకి చదువుకుంటానని, అక్కడి జనం అలవాటయ్యారని చెప్పాడు. బతిమాలినా ఒప్పుకోలేదు.

ఇంకొక సంగతి నన్ను గుచ్చింది. నాదీ మానుకోట, అంటే మహబూబాబాద్, దగ్గరి ఊరే. కాలేజీలో చేరిన కొత్తలో నేను "ఎట్ల" అంటే తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. సినిమాల్లో హాస్యగాళ్ళ మాట నా నోట్లో వినిపించిందని ఆటపట్టించేవాళ్ళు. రెండేళ్ళలో నా మాట మార్చుకున్నాను. ఇప్పుడు కుర్చీలో అటువైపు కూర్చున్న నేను, గబగబా ఇంగ్లీషులో పన్నెండు కారణాలు అప్పజెప్పినవాడికి పదిహేడు వేసి, నా ఊరి మాట మాట్లాడిన అబ్బాయికి ఆరు వేశాను. అతని తడబాటులో నేను విన్నది వైద్యం తెలియకపోవడాన్నా, యాసనా? ఆ రోజు నన్నెవరైనా అడిగి ఉంటే రెండోది కాదని ఒట్టు పెట్టేదాన్ని.

ఈ మాటంతా మా హెడ్ నర్సుతో చెప్పాను. ఆమెను అందరం ఆపా అంటాం. జనగామలోనే పుట్టి పెరిగింది, ఇంట్లో దక్కనీ ఉర్దూ, వార్డులో తెలుగు. నేను చదువుకునే రోజుల నుంచే ఆమె నర్సు. నేను ఎంచి తెచ్చిన రెసిడెంట్లు ఎలా చేస్తున్నారో నిజం చెప్పమని అడిగాను. ఐదుగురి పేర్లు కాగితం మీద రాసి, నా ఇంటర్వ్యూ మార్కులు కనిపించకుండా మడిచి, మంచి నుంచి వరస పెట్టమన్నాను. ఆమె కళ్ళజోడు సవరించుకుని అరనిమిషంలో వరస పెట్టేసింది. మడత విప్పి చూస్తే, నేను మొదట పెట్టినవాడు ఆమె వరసలో చివర ఉన్నాడు. నేను నాలుగో స్థానంలో పెట్టిన అమ్మాయి ఆమెకు మొదటిది.

"ఎట్ల తెలిసింది ఆపా?"

"అరే, ఎట్లేంది మేడం? మీరు వాళ్ళను కూసోబెట్టి చూసిన్రు. నేను నిలబడి పనిచేస్తుంటే చూస్తున్న. ఫోన్ చేస్తే ఎవరొస్తరు, పేషెంటుకు బాగలేకుంటే ఎవరు పెద్ద డాక్టర్‌ను పిలుస్తరు, ఎవరు దాచిపెడ్తరు, అన్నీ మాకు బరాబర్ తెలుస్తయి."

"అయితే ఈసారి నువ్వు కూడా ఇంటర్వ్యూలో కూర్చోవాలి."

ఆమె నవ్విన నవ్వుకు పక్క గదిలో నుంచి కంపౌండరు తొంగి చూశాడు. "కూసుంట గనీ, నన్ను కుర్సీల గాదు, వార్డుల నిలబెట్టుండ్రి."

అదీ మాట! ఆ సాయంత్రమే సూపరింటెండెంటు సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన సర్జన్, ఏ పనీ కాగితం లేకుండా చెయ్యని మనిషి. అభ్యర్థులను పేషెంటు దగ్గర కూర్చోబెట్టి పది నిమిషాలు చూద్దామని, ఆపా కూడా మనతోపాటు మార్కులు వేస్తుందని చెప్పాను.

"రూల్స్‌ల ఉందా అమ్మా?"

"ఇంటర్వ్యూ చెయ్యాలని ఉంది సార్. కుర్చీలో కూర్చోబెట్టే చెయ్యాలని ఎక్కడా లేదు."

ఆయన ఫైలు తెరిచి మొత్తం చదివాడు. మళ్ళీ చదివాడు. "లేదు," అని ఒప్పుకున్నాడు. ఆయన ముఖంలో కూడా ఒక కొంటె నవ్వు మెరిసింది.

ఆ ఏడాది జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దవాఖానలకు కలిపి మా దగ్గరే ఎంపిక పెట్టారు. ఉదయం ఎనిమిదికల్లా వరండా నిండిపోయింది. మూడు మంచాల దగ్గర కుదురుకున్న పేషెంట్లు ముగ్గురు, వాళ్ళ ఇష్టంతోనే, సిద్ధంగా ఉన్నారు. సార్, ఆపా, నేను ముందుగా నిలబడిన మంచం మీద నర్మెట్ట నుంచి వచ్చిన అవ్వ ఉంది. గుండె బలహీనంగా ఉండి, ఒంట్లో నీరు చేరి, ఆయాసంతో మూడు నెలల్లో రెండోసారి చేరింది. తగ్గింది, మర్నాడు ఇంటికి పంపాలి. పరీక్ష పెట్టేది తనేనని తెలిసి అవ్వ పొద్దున్నే జడ వేయించుకుని, దిండుకు ఆనుకుని పెద్ద ఆఫీసరులా కూర్చుంది.

మొదట వచ్చినవాడు హైదరాబాదులో చదివిన బంగారు పతకం కుర్రవాడు. చెయ్యి కడుక్కున్నాడు, నాడి చూశాడు, గుండె విన్నాడు, కవాటం సరిగా మూసుకోవడం లేదని ఐదో నిమిషంలోనే చెప్పేశాడు. సార్ తల ఊపాడు. నేనూ మెచ్చుకున్నాను. అతను వెళ్ళాక అవ్వ అంది: "పిలగాడు ఉషారున్నడు. గనీ నేను ఒక మాట ఒడగొట్టకముందే ఇంకోటి అడుగుతుండు బిడ్డా."

తర్వాత ఒకతను వచ్చి అవ్వ చెయ్యి పట్టుకుని, నెమ్మదిగా, తియ్యగా మాట్లాడాడు. అవ్వ మురిసిపోయింది. ఆపా కూడా మంచి మార్కులే వేసింది.

ఆ తర్వాత వచ్చింది లింగాల ఘనపూర్ అమ్మాయి. రైతుల ఇంటి పిల్ల. చదువు మార్కులు అంతంత మాత్రం. స్టూలు లాక్కుని, అవ్వ ముఖానికి సమంగా కూర్చుంది.

"అవ్వా, ఇంటికాడ ఏమేం గోలీలు ఏసుకుంటున్నవు?"

అవ్వ దిండు కింది నుంచి సంచి తీసింది. అమ్మాయి ఒక్కో పట్టీ వెలుతురులో పెట్టి చూసింది. ఒంట్లో నీరు తీసే మాత్రల పట్టీ దగ్గర ఆగింది.

"గివి శానా మిగిలినయి గదా అవ్వా. అన్ని దినాలు ఏసుకుంటలేవా?"

అవ్వ నావైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు తగ్గించింది. "కలుపుకు పోయిన్నాడు ఏసుకోను బిడ్డా. గది ఏసుకుంటే గడియకోసారి ఒంటికి వస్తది. చేన్ల మొగోళ్ళు, ఆడోళ్ళు అందరుంటరు. యాడికి పోవాలె?"

ఆమెను రెండుసార్లు చేర్చుకున్నాను. మందు చాలడం లేదనుకుని మోతాదు పెంచాను. ఎందుకు వేసుకోలేదన్నది అటుంచి, వేసుకుంటున్నావా అని కూడా సరిగా అడగలేదు. ఈ అమ్మాయి నాలుగు నిమిషాల్లో తేల్చేసింది.

"అయితే పొద్దున వద్దు. పనికెల్లి ఇంటికొచ్చినంక, ఇంక ఎలుగుండంగనే ఏసుకో. పండుకునేవరకు దాని పని అయిపోతది. మేడంను అడిగి రాయిస్త," అని నావైపు తిరిగి, "ఇయ్యొచ్చా మేడం?" అంది.

"ఇయ్యొచ్చు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పరీక్ష ఎవరికో మర్చిపోయాను.

కానీ ఆమె గుండె శబ్దంలో తేడా పట్టలేకపోయింది. సార్ అదే పట్టుకున్నాడు. "గుండె వినరాకపోతే ఎట్ల అమ్మా?"

ఆపా ఊరుకోలేదు. "సార్, గుండె ఎట్ల వినాలో మేడం వారంల నేర్పుతది. గా పట్టీలు లెక్కవెట్టి చూసే బుద్ధి ఎవరు నేర్పాలె?"

అరగంట వాదించుకున్నాం. చివరికి ఆ అమ్మాయికి ఇరవైకి పద్దెనిమిది వేశాం. చదువు మార్కులు తక్కువ కావడంతో జాబితా అంచున నిలిచి భూపాలపల్లికి వెళ్ళింది. బంగారు పతకం కుర్రవాడు మహబూబాబాద్‌కు వెళ్ళాడు, తియ్యటి మాటల అతను మా జనగామకే వచ్చాడు. ఆ రోజు ముగ్గురం మూడు కాగితాల మీద, ఎవరు ఎలాంటి డాక్టరవుతారో రాసి, ఆరు నెలలయ్యాక విప్పి చూద్దామని పెట్టుకున్నాం. నా అంచనాలో తియ్యటి మాటల అతను మొదట, అమ్మాయి రెండోది, బంగారు పతకం కుర్రవాడు చివర. పేషెంటు మాట వినడు, నర్సులతో గొడవలు వస్తాయి అని కూడా రాశాను.

ఆరు నెలలు ఆగడం నావల్ల అయ్యే పనిలా కనిపించలేదు. విత్తనం వేసి రోజూ మట్టి తవ్వి చూసే పిల్లలా ఉన్నాను. ఏదో ఒక నెపంతో ఫోన్లు చేసేదాన్ని.

తియ్యటి మాటల అతను నా అంచనాను రెండు నెలల్లోనే తలకిందులు చేశాడు. మంచం దగ్గర ఎంత బాగా మాట్లాడతాడో, అక్కడి నుంచి కదిలాక అంత తేలిగ్గా మర్చిపోతాడు. రాయాల్సిన పరీక్షలు రాయడు, వచ్చిన రిపోర్టులు చూడడు. మందలిస్తే మళ్ళీ ఆ తియ్యటి మాటే. ఒకరోజు ఉద్యోగం మానేస్తున్నట్టు మెసేజ్ పెట్టి వెళ్ళిపోయాడు. ఆపా కాగితంలోనూ అతను పైనే ఉన్నాడు. "ఇగ నన్ను గూడ ఎవరైన ఇంటర్వ్యూ చెయ్యాలె మేడం," అని లెంపలేసుకుంది.

ఆరో నెలలో రెసిడెంట్ల పనితీరు చూసి రమ్మని సార్ నన్ను పంపాడు. ముందు మహబూబాబాద్ వెళ్ళాను. బంగారు పతకం కుర్రవాడి గురించి అడగడానికి కొంచెం భయపడ్డాను. అక్కడి సిస్టర్ నవ్వింది.

"మొదటి నెల మస్తు పరేషాన్ చేసిండు మేడం. ఎవరు చెప్పింది ఇనకపోతుండె. ఒకనాడు తండా నుంచి వచ్చిన తల్లి, బిడ్డ పాలు తాగుతలేదు సార్ అని మూడుసార్లు చెప్పింది. రిపోర్టులు మంచిగున్నయి అని పంపబోయిండు. నేను అడ్డం నిలబడ్డ. చూస్తే బిడ్డకు జరం ఎక్కుతున్నది. బిడ్డ బతికింది. గా దినం సంది తల్లులు చెప్పేదాంక నోరు తెరవడు. లంబాడీ మాట గూడ నేర్చుకుంటుండు."

వార్డులో అతన్ని చూశాను. ఒక తల్లి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, కలం జేబులోనే ఉంచుకుని వింటున్నాడు. నేను వచ్చి నిలబడినా గమనించలేదు. నేను చూసింది ఆ రోజు మనిషిని. ఆ తర్వాత ఎవరు అతని ముందు అడ్డంగా నిలబడతారో, ఆ దెబ్బకు అతను ఎటు తిరుగుతాడో నా పది నిమిషాల్లో ఎలా తెలుస్తుంది? ఓడిపోయి ఇంత సంతోషపడటం నాకదే మొదటిసారి.

మర్నాడు భూపాలపల్లి. పదకొండు గంటలకు చేరేసరికి లింగాల ఘనపూర్ అమ్మాయి క్యాజువాలిటీలో ఉంది. అప్పుడే ఒక కూలీ మనిషిని భర్త ఆటోలో తెచ్చాడు. పొద్దున్నుంచి కడుపునొప్పి, వాంతి. అంతకుముందు ఎవరో కడుపునొప్పికి సూది వేశారట. ఆమె కళ్ళు మూసుకుపోతున్నాయి. నిద్ర లేకే అన్నాడు భర్త.

అమ్మాయి వంగి, "అక్కా, కండ్లు తెరువు," అంది. రెప్పలు సగం కూడా లేవలేదు. "రాత్రి యాడ పండుకున్నవు? మంచంలనా, కిందనా?"

"కింద," అంది ఆమె. మాట ముద్దగా వచ్చింది.

"ఒక్క ఊపిరిల ఒకటి రెండు లెక్కపెట్టు అక్కా. ఎంతదాంక పోతవో చూద్దాం."

తొమ్మిది దగ్గర ఊపిరి అయిపోయింది. అమ్మాయి నావైపు తిరిగింది. ముఖం పాలిపోయింది, మాట మాత్రం సూటిగా ఉంది.

"మేడం, కట్లపాము అనిపిస్తున్నది. కాటు కనవడది దానికి. విరుగుడు మందు ఎక్కిస్తున్న. ఊపిరి ఆగుతదేమో, గొంతుల ట్యూబ్ ఎయ్యాలె. బొమ్మ మీద ఏసిన, మనిషికి రెండుసార్లే ఏసిన, అదీ పెద్ద డాక్టర్ ఉన్నప్పుడు. మీరు నా పక్కన నిలబడుండ్రి."

నిలబడ్డాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, లేకపోతే అవే ముందుకు వెళ్ళిపోయేవి. విరుగుడు ఎక్కుతోంది. అరగంట గడవకముందే ఛాతీ కదలిక తగ్గిపోయింది. అమ్మాయి మొదటిసారి ట్యూబ్ వెయ్యబోయి ఆగి, వెనక్కి తీసింది. "కనవడ్తలేదు. మాస్కుతోటి ఊపిరియ్యిండ్రి," అని సిస్టర్‌కు చెప్పింది. గాభరా పడలేదు. తల కింద బట్ట మడత పెట్టించి, మళ్ళీ చూసి, ట్యూబ్ లోపలికి జార్చింది. నేను స్టెతస్కోపు పెట్టాను. రెండు వైపులా గాలి బ్రహ్మాండంగా వినిపించింది!

"పడ్డది," అన్నాను.

"పడ్డదా మేడం?" అంది, నమ్మలేనట్టు.

"పడ్డది, పడ్డది!" ఇద్దరం ఒకేసారి నవ్వాం. భర్తకు ఏం జరుగుతోందో అర్థం కాక మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అమ్మాయి వెంటనే అతని దగ్గరికి వెళ్ళి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మిషను రెండు మూడు రోజులు ఊపిరిస్తుందని, విషం దిగితే తనే పీల్చుకుంటుందని విడమరిచి చెప్పింది. తర్వాత ఇంకో ప్రశ్న అడిగింది. "ఇంట్ల ఇంక ఎవరు కింద పండుకుంటరు అన్నా?"

ఇద్దరు ఆడపిల్లలు, అత్త అని చెప్పాడు. ఆమె అక్కడికక్కడే ఆ ఊరి ఆశా కార్యకర్తకు ఫోన్ చేసింది.

జనగామకు తిరిగొచ్చే దారంతా నేను డ్రైవరుతో మాట్లాడుతూనే ఉన్నాను. అతనికి ట్యూబ్ ఎలా వేస్తారో మూడుసార్లు చెప్పి ఉంటాను. పరకాల దగ్గర చాయ్ తాగుతూ అతను, "ఏంది మేడం, మీ బిడ్డ గిట్ల ఫస్ట్ వచ్చిందా?" అని అడిగాడు.

నాలుగో రోజు అమ్మాయి ఫోన్ చేసింది. వెనకాల వార్డు గోల.

"మేడం, ట్యూబ్ తీసినం. మంచిగ మాట్లాడుతున్నది. మొదట అడిగిన మాట ఏందో తెలుసా? పిల్లలు యాడ పండుకుంటున్నరని."

"నువ్వేం చెప్పినవ్?"

"ఆశా అక్క గా దినమే రెండు మంచాలు ఏపిచ్చింది, గోడ బొక్కలు మూపిచ్చిందని చెప్పిన. కండ్ల నీళ్ళు పెట్టుకున్నది. ఇగ అన్నం అడుగుతున్నది మేడం, పప్పుచారు కావాలంటున్నది. పెట్టొచ్చా?"